చిలక్కి చెప్పినట్టు

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను, చెవికెక్కితేనా!"

మా అమ్మ తిట్లలో ఇది మొదటిది. ఎంసెట్ చదువుల రోజుల నుంచీ వింటున్నాను. ఓపిగ్గా పదిసార్లు చెబితే చిలకైనా నేర్చుకుంటుంది, నీకేమొచ్చిందే అని దాని భావం. ఈ మాట పుట్టించినవాళ్లెవరో గానీ, ఇంట్లో చిలకని పెంచి ఉండరని నా గట్టి అనుమానం. చిలక్కి మనం చెప్పడం తర్వాత సంగతి. అది మనకేం చెబుతోందో తెలుసుకోవడానికే నెలలు పడుతుంది. నాకైతే ఒక ప్రాణం పోయాక గానీ తెలియలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది కాకటీల్. ఆస్ట్రేలియా జాతి చిలక. తోకతో కలిపితే అడుగు పొడవుంటుంది, అందులో సగం తోకే. బూడిద రంగు ఒళ్లు, రెక్కల మీద తెల్ల పట్టీ, పసుప్పచ్చటి మొహం, బుగ్గల మీద నారింజ రంగు బొట్లు, నెత్తిన తురాయి. మొదటిసారి 2021లో, "కాకటీల్ తీసుకొస్తున్నా" అని షాపులోంచి ఫోన్ చేస్తే మా నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "కాక్‌టెయిలా? మీ అమ్మ ఊరుకుంటుందా?" అన్నారు.

పక్షి అని తెలిశాక ఇంకో ప్రశ్న వేశారు. "అంత దూరం దేశానిది ఎందుకమ్మా, శుభ్రంగా మన రామచిలకని తెచ్చుకోక?"

తెచ్చుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టుకోవడం అన్నీ నేరాలే. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు దాన్ని రెండో షెడ్యూల్లో చేర్చారు. చిలక జోస్యం వాళ్ల దగ్గర ఉండే చిలకలూ ఈ లెక్కలోకే వస్తాయి. బడ్జీలు, కాకటీల్స్ వేరే. ఇవి విదేశీ జాతులు, తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్నవి. (మన దగ్గర అందరూ లవ్‌బర్డ్స్ అని పిలిచే బుల్లి పచ్చ పిట్టలు చాలావరకు బడ్జీలే. అసలు లవ్‌బర్డ్స్ వేరే ఉన్నాయి. ఈ సంగతి చెబితే మా ఫ్లోర్లో ఒక ఆంటీ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.)

నాన్న అడిగినదాంట్లో తప్పేమీ లేదు. భీమవరం దగ్గర మా అమ్మమ్మ వాళ్లింట్లో, వసారాలో గుండ్రటి పంజరంలో ఒక రామచిలక ఉండేది. గేటు చప్పుడైతే "ఎవరూ?" అనేది. సెలవులకి వెళ్లినప్పుడు దానికి పండు మిరపకాయలు పెట్టడం నా డ్యూటీ. చిలకలకి కారం తెలియదు. మిరపకాయలో మన నోరు మండించే పదార్థం పక్షుల మీద పనిచెయ్యదు. అప్పుడు అదంతా తెలియదు కాబట్టి, నోరు మండకుండా తింటోందంటే ఇదెంత మొనగాడో అనుకునేదాన్ని. వేలు పెడితే మాత్రం రక్తం వచ్చేలా కరిచేది. "పొగరు దానికి" అనేది అమ్మమ్మ. పొగరు కాదు, భయం. గుంపుగా ఎగరాల్సిన పక్షి, రెక్కలు కత్తిరించుకుని, ఒక్కతే, దిక్కు మారని ఆ పంజరంలో ఎన్నేళ్లుందో. "ఎవరూ?" అని అది అడిగినదానికి మేం నవ్వామే గానీ సమాధానం చెప్పలేదు.

సరే, మా మొదటి కాకటీల్ సంగతికొస్తాను. లుటినో అంటారు, తెల్లటి ఒళ్లు, పసుపు మొహం, బుగ్గలకి బొట్లు. చూడగానే అమ్మ, "మొహానికి పసుపు రాసుకుని పేరంటానికి వచ్చినట్టుందే" అంది. అలా దాని పేరు పేరంటాలు అయింది. చిన్నప్పటి నుంచి చేత్తో తినిపించి పెంచిన పిల్ల. షాపతను పంజరం తెరవగానే నా చేతి మీదకి నడిచి వచ్చేసింది. వారం తిరక్కుండా భుజమ్మీద కూర్చుని, నేను మీటింగుల్లో ఉంటే హెడ్‌ఫోన్ వైరు కొరికేది. నాకు పక్షులతో చెయ్యి కలుస్తుందని, పుట్టుకతో వచ్చిన కళ అని అనుకున్నాను. ఎవరో ఎన్నో వారాలు కూర్చుని కష్టపడి ఇచ్చిన నమ్మకాన్ని నేను డబ్బులిచ్చి కొనుక్కున్నానని అప్పుడు తట్టలేదు.

2022 జనవరిలో ఒక ఆదివారం. కూకట్‌పల్లిలో మేముండే ఫ్లాట్లో హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు, గట్టు మాత్రమే. పంజరం హాల్లో ఉంది. అమ్మ దోసెలకని నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద పెట్టింది. అంతలో పిన్ని ఫోన్ చేసింది. పెళ్లి సంబంధం గురించి, నా గురించే. అమ్మ మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్లింది. ఖాళీ పెనం, పెద్ద మంట, పది పదిహేను నిమిషాలు. నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో ఏదో తేడా వాసన, గట్టిగా కూడా లేదు. పేరంటాలు పంజరం అడుగున పడి నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. తోక ఒక్కో ఊపిరికీ కిందికీ పైకీ కొట్టుకుంటోంది. పక్షుల డాక్టరు నంబరు వెతికి ఫోన్ కలిపాను. ఆయన పేరు, ఊరు ఏమీ అడగలేదు. "ఇంట్లో నాన్‌స్టిక్ ఏమైనా మాడిందా?" అన్నారు. ఆయన మాట పూర్తయ్యేలోపే అది నా అరచేతిలో ఆగిపోయింది.

ఆ పూత దాదాపు 260 డిగ్రీలు దాటితే విడిపోవడం మొదలవుతుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద అంత వేడెక్కడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ పొగ మనకి సాధారణంగా దగ్గు, తలనొప్పి లాంటివి తెప్పిస్తుంది. పక్షి అలా కాదు. మనం పీల్చిన గాలి లోపలికెళ్లి అదే దారిన బయటికొస్తుంది. పక్షిలో ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులుంటాయి. లోపలికి పీల్చినా బయటికి వదిలినా కొత్త గాలి ఊపిరితిత్తుల్లోంచి ఒకే దిక్కుగా ప్రవహిస్తూనే ఉంటుంది. ఎగరడానికి అంత ఆక్సిజన్ కావాలి మరి. ఎగరడానికి వచ్చిన వరమే, విషం విషయంలో శాపం. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986 దాకా కానరీ పిట్టల్ని వెంట తీసుకెళ్లింది ఇందుకే. మనిషికి తెలిసేలోపు పిట్టకి తెలుస్తుంది.

అమ్మ ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను, "నువ్వే చంపేశావు" అన్నాను.

అన్నాను. నాన్న "ఏయ్" అని అరిచారు. అమ్మ ఏమీ అనలేదు. పెనం తీసుకెళ్లి బయట చెత్తబుట్టలో పడేసి వచ్చింది. ఆ రాత్రి అపార్ట్‌మెంట్ వెనక వేపచెట్టు కింద మట్టి తవ్వింది కూడా అమ్మే. తర్వాత ఒకసారి ఎవరితోనో అంటుంటే విన్నాను, ఆ పేరు పెట్టకుండా ఉండాల్సింది అని. మా వైపు పేరంటాలమ్మ గుళ్లుంటాయి, అకాలంగా పోయిన ఆడవాళ్లకి కట్టినవి. దోషాన్ని పేరు మీదకి నెట్టాలని చూసింది, కానీ తనకే నమ్మకం కుదిరినట్టు లేదు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో దోసెలు లేవు.

నేను చెప్పని విషయం ఒకటుంది. నాన్‌స్టిక్ పొగ పక్షులకి ప్రాణాంతకమని నాకు అంతకు నెల ముందే తెలుసు. ఎక్కడో చదివి, ఫోన్లో దాచుకుని, అమ్మకి చెప్పాలి అనుకుని, ఏదో రిలీజ్ పనిలో పడి మర్చిపోయాను. ఆ పెనం కొన్నది కూడా నేనే, మదర్స్ డే సేల్లో.

ఏడాదిన్నర గడిచింది. 2023 జూలైలో ఆఫీసులో తెలిసినవాళ్లు బెంగళూరు మారిపోతూ, ఇల్లు సర్దుకునేదాకా రెండు వారాలు ఉంచుకోమని ఒక కాకటీల్‌ని నా చేతిలో పెట్టారు. ఆ రెండు వారాలు ఇంకా నడుస్తున్నాయి. నాలుగు నెలల పిల్ల. తల్లి దగ్గరే పెరిగింది, మనుషుల చేయి అలవాటు లేదు. పైగా ఎవరో ఒక పక్కనే రెక్క కత్తిరించారు, ఎగరబోతే గిరగిరా తిరిగి పడేది. అమ్మ పంజరం చూసి, "నా వంటింటి ఛాయలకి తేకు" అంది. నా బెడ్‌రూమ్‌లో పెట్టాను. పేరేం పెడదామే అని నాన్న అడిగితే, "పేరూ వద్దు, ఏమీ వద్దు" అని అమ్మ లేచి వెళ్లిపోయింది.

అప్పుడు తెలిసింది నాకు పక్షులతో ఎంత చెయ్యి కలుస్తుందో. నేను గదిలోకి వస్తే చాలు, పంజరం వెనక మూలకి హత్తుకుపోయేది. వేలు చూపిస్తే పాములా బుస్సుమనేది. నిజంగా బుస్సే. గూట్లో ఉన్న కాకటీల్ పిల్లలు శత్రువుని బెదిరించడానికి చేసే చప్పుడు అది.

నేను ఇంజినీర్‌ని కదా, ఎక్సెల్ షీట్ తెరిచాను. పంజరానికి ఎన్ని అడుగుల దూరంలో నిలబడితే తురాయి ఎలా ఉంది, రోజూ నోట్ చెయ్యడం. కాకటీల్ మనసంతా తురాయిలోనే ఉంటుంది. నిటారుగా లేస్తే ఉలిక్కిపడిందని. తలకి అతుక్కుపోయినట్టు వెనక్కి వాలిపోతే కోపంగానో భయంగానో ఉందని, దగ్గరికెళ్తే కరుస్తుందని. కొద్దిగా వెనక్కి వాలి, కొస పైకి తిరిగి ఉంటే ప్రశాంతంగా ఉందని. తురాయి లేచిన చోట నేను ఆగిపోవాలి, ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. ఇదే అసలు పని అని చదివాను. ముందుకెళ్లడం కాదు, అది వద్దన్నప్పుడు వెనక్కి వెళ్లడం. పక్షి "వద్దు" అంటే ఆ మాట చెల్లుతుందని దానికి తెలియాలి. చెల్లకపోతే ఇంక దానికి మిగిలేది ముక్కే.

లంచంగా కంకులు. పెట్ షాపుల్లో స్ప్రే మిల్లెట్ అని రంగుల కవర్లో పెట్టి, నాలుగు కంకులకి కళ్లు తిరిగే రేటు చెబుతారు. విప్పి చూస్తే కొర్రలు! మన కొర్ర కంకులే. నాన్న ఊళ్లో తెలిసినవాళ్లకి ఫోన్ చేస్తే సంచెడు పంపించారు. పొద్దుతిరుగుడు గింజలంటే కూడా చిలకలు ప్రాణం పెడతాయి గానీ అవి మనకి మిర్చి బజ్జీల్లాంటివి, ఒట్టి కొవ్వు. అవే పెడుతూ పోతే కాలేయం పాడవుతుంది. కొత్తిమీర, తోటకూర, మునగాకు, క్యారట్ తురుము, మొలకెత్తిన పెసలు మెల్లగా అలవాటు చెయ్యాలి. పుట్టి గింజలే ఎరిగిన పక్షికి క్యారట్ అనేది తినేదని అర్థం కావడానికే మూడు వారాలు పట్టింది. మనం దాని ఎదురుగా కూర్చుని తింటే తొందరగా నేర్చుకుంటుంది. పచ్చి క్యారట్ నేను చాలా తిన్నాను.

మూడో నెలకి ఊచల సందులోంచి నా చేతిలో కంకి తినే దాకా వచ్చింది. తలుపు తెరిచి చెయ్యి లోపల పెడితే మాత్రం మళ్లీ మొదటికే.

ఆఫీసుకి వారానికి మూడు రోజులు వెళ్లాలి. చిలకలు ఒంటరిగా ఉండలేవు, గుంపులో బతికే జీవాలు. అమ్మని బతిమాలాను. "దాన్ని ముట్టుకోనక్కర్లేదు, చూడనక్కర్లేదు. మధ్యాహ్నం ఓ గంట ఆ గదిలో కూర్చో చాలు." సరేనని గానీ కాదని గానీ అనలేదు. పక్షి ఎలా ఉందో చూసుకుందామని పాత ఫోన్‌ని కెమెరాలా గదిలో పెట్టి వెళ్లాను.

ఒకరోజు లంచ్‌లో తెరిచి చూశాను. అమ్మ నేల మీద చాప వేసుకుని, పంజరానికి వీపు పెట్టి కూర్చుని గోంగూర ఒలుస్తోంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగడం లేదు. ఏదో సన్నగా కూనిరాగం. నేను వస్తే మూలకి పోయే ఆ పక్షి, కూర్చునే కర్ర మీద అడుగులో అడుగేసుకుంటూ అమ్మ ఉన్న వైపు చివరికంటా వచ్చేసింది. ఒంటికాలి మీద కూర్చుంది. ముక్కు మెల్లగా నూరుకుంటోంది. కర్ కర్ మని ముక్కు నూరుకోవడం అంటే నిద్ర ముంచుకొస్తోందని, ఇక్కడ నాకే భయమూ లేదని. మూడు నెలల్లో నా ముందు అది ఒక్కసారి కూడా ఆ చప్పుడు చెయ్యలేదు.

డెస్క్ దగ్గర కూర్చుని అదే చూస్తూ ఉండిపోయాను. నేను చేస్తున్న తప్పేంటో అప్పుడు కనబడింది. చిలక కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ ఏది వస్తోందో చూసుకోవడానికి. వేటాడేవాటికే రెండు కళ్లూ ముందుంటాయి, పిల్లికి, గుడ్లగూబకి, మనకి. నేను షీట్ పట్టుకుని రోజుకి గంట సేపు రెండు కళ్లూ దాని మీదే పెట్టి, తురాయి లేచిందా దిగిందా అని చూస్తున్నాను. దాని లెక్కలో నేను కాపు కాసిన పిల్లిని. అమ్మ చూడలేదు. ఏ పద్ధతీ తెలిసి కాదు. చూడ్డానికి మొహం చెల్లక.

అది నాకు అప్పుడే తెలిసింది. అయినా ఏమీ చెప్పలేదు. నేను కూడా మర్నాటి నుంచి పంజరానికి పక్కగా తిరిగి కూర్చుని పనిచేసుకోవడం మొదలుపెట్టాను. ఎక్సెల్ షీట్ మానేశాను. రెండు వారాల్లో నా వేలు మీదకి ఒక కాలు పెట్టింది. రెండో కాలు పంజరంలోనే, జాగ్రత్తకి.

అంతలో దీపావళి. రాత్రి రెండింటికి ఎవరో మిగిలిన బాంబు పేల్చారు. కాకటీల్స్‌కి చీకట్లో హడలెత్తిపోయే గుణం ఉంది. చప్పుడుకో నీడకో ఉలిక్కిపడి, కళ్లు కనబడక పంజరమంతా కొట్టుకుంటాయి. లైటు వేసేసరికి ఊచలకి రక్తం. కొత్తగా మొలిచే ఈకలో రక్తం పారుతూ ఉంటుంది, అది విరిగితే ఆగకుండా కారుతుంది. నాకేం తోచలేదు. తలుపు తీసి చేత్తో ఒడిసి పట్టుకున్నాను. అరిచింది, కరిచింది, నేను వదల్లేదు. వదలకూడదు కూడా. అమ్మ పరుగెత్తుకొచ్చింది. నేను "కార్న్‌ఫ్లోర్, కార్న్‌ఫ్లోర్" అంటున్నాను. తెచ్చి, విరిగిన ఈక మొదట్లో అద్ది, పాత పంచె ముక్కతో నొక్కి పట్టుకుంది. ఐదారు నిమిషాలకి ఆగింది. ఆ ఐదు నిమిషాలూ అమ్మ "ఒరేయ్, ఒరేయ్, ఏం లేదురా, ఏం లేదు" అంటూనే ఉంది. దాదాపు రెండేళ్ల తర్వాత అమ్మ చెయ్యి ఒక పక్షి మీద పడటం అదే.

పంజరం దగ్గర జీరో బల్బు ఆ రోజు నుంచీ రాత్రంతా వెలుగుతుంది. చిన్న వెలుతురుంటే భయపడినా కర్ర ఎక్కడుందో కనబడుతుంది. ముందే పెట్టి ఉండాల్సింది. ఇదీ చదివిందే.

నా నాలుగు నెలలు ఆ రాత్రితో పోయాయి. నా చేతిని చూస్తే మళ్లీ బుస్. ప్రాణం కాపాడటానికే పట్టుకున్నానని దానికెలా చెబుతాం? పిడికిలి మూసుకుపోయిందన్నదొక్కటే దానికి గుర్తు. అమ్మ దగ్గర మాత్రం అలా లేదు. ఎప్పటిలాగే వీపు తిప్పి కూర్చునేది. వారం తర్వాత కాబోలు, కొత్తిమీర కట్ట విప్పుతూ, తిరక్కుండానే ఒక రెమ్మ భుజం మీదుగా వెనక్కి పట్టుకుంది. కెమెరాలో చూస్తూ నేను ఊపిరి బిగబట్టాను. ఊచల్లోంచి ముక్కు బయటికొచ్చి రెమ్మని లాక్కుపోయింది. అమ్మ భుజం కదల్లేదు. ఇంకో రెమ్మ పట్టుకుంది.

సంక్రాంతి నాటికి పంజరం తలుపు తెరిచి ఉంచితే నడుచుకుంటూ బయటికొచ్చి అమ్మ భుజమెక్కేది. ఈకలు రాలి కొత్తవి వచ్చాయి, మొహం పసుప్పచ్చగా మారింది. పిల్లలుగా ఉన్నప్పుడు ఆడో మగో పోల్చుకోవడం కష్టం, ఈకలు మారాక ఇలా మొహం వెలిగితే మగపక్షి. రెక్కలు నిండుగా వచ్చి ఎగరడమూ మొదలైంది. దాంతో మా ఇంట్లో గదిలోకి వచ్చే ప్రతివాళ్లూ మొదట సీలింగ్ ఫ్యాన్ స్విచ్ వైపు చూడటం నేర్చుకున్నారు. మే నెలలో హైదరాబాద్‌లో ఫ్యాన్ కట్టేసుకుని కూర్చోవడం ఎంత ప్రేమో అనుభవిస్తే గానీ తెలియదు.

ఆ మే నెలలోనే చెప్పాను. నాన్న పడుకున్నారు. అమ్మ ఆవకాయ ముక్కలు తుడుస్తోంది, వాడు తన జడ కొస పట్టుకుని వేలాడుతున్నాడు. "అమ్మా, ఆ పెనం సంగతి నాకు ముందే తెలుసే. నెల ముందే చదివాను. నీకు చెప్పలేదు" అన్నాను.

అమ్మ తుడుస్తున్న ముక్క అలాగే పట్టుకుంది. "ఇప్పుడు చెబుతున్నావా?" అంది. అంతే. ఓదార్చలేదు, తిట్టలేదు. వాణ్ణి మెల్లగా తీసి పంజరంలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. రాత్రి భోజనాల దగ్గర నా కంచంలో అన్నం పెట్టింది గానీ మొహం చూడలేదు. మర్నాడూ అంతే. నేను వీపు తిప్పి కూర్చోవడమెలాగో నేర్చుకున్నాను కాబట్టి, వెంటపడి క్షమాపణలు చెప్పకుండా ఆ మాత్రం దూరంలోనే తచ్చాడాను.

మూడో రోజు పొద్దున్న కాఫీ ఇస్తూ, "ఇంకా ఏమేం ఉన్నాయే అలాంటివి? అన్నీ రాసియ్యి. తెలుగులో రాయి" అంది.

రాసిచ్చాను. ఫ్రిజ్ మీద అంటించింది. నాన్‌స్టిక్ ఏదీ ఇంట్లోకి రాకూడదు, ఆ పూత ఉన్న ఇస్త్రీపెట్టె, ఎయిర్ ఫ్రయర్ కూడా. దోమల చక్రాలు, రూమ్ స్ప్రేలు, ఫినాయిల్ ఘాటు వద్దు. సాంబ్రాణి వెయ్యాలంటే పంజరాన్ని దూరం గదిలో పెట్టి తలుపేసి కిటికీ తియ్యాలి. తినేవాటిలో అవకాడో, చాక్లెట్, ఉల్లి, కాఫీ, టీ దగ్గరికి రానివ్వకూడదు. ఉప్పు వేసినవి పెట్టకూడదు. రాత్రి పదీ పన్నెండు గంటల నిద్ర కావాలి, కాబట్టి సీరియల్ సౌండు తగ్గించాలి. ఈ చివరిది చదివి, "ఇది నువ్వు కలిపావు కదూ" అంది. కలపలేదు.

ఇంకోటి కూడా రాశాను, రోజూ బరువు చూడాలని. చిలకలు జబ్బుని దాచుకుంటాయి. గుంపులో నీరసంగా కనబడినదాని మీదే గద్ద కన్ను పడుతుంది, ఆ భయం పంజరంలో పుట్టినా పోదు. ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుందంటే అప్పటికే ఆలస్యమైపోయిందని అర్థం. బరువు మాత్రం ముందే తగ్గుతుంది. వంటింట్లో పిండి తూచే చిన్న కాటా మీద కొర్ర కంకి పెడితే వాడే ఎక్కి కూర్చుంటాడు.

ఇప్పుడు దోసెలు ఇనుప పెనం మీద. సగం తరిగిన ఉల్లిపాయతో నూనె రుద్ది, పొయ్యి వెలిగించబోయే ముందు అమ్మ ప్రతిసారీ కేకేస్తుంది. "ఒరేయ్ ఏ గదిలో ఉన్నాడు?" ఇనుప పెనానికి ఆ భయం లేదమ్మా అని చెప్పడం మానేశాను. వాడి పేరు అదే అయిపోయింది, ఒరేయ్. ఎవరూ పెట్టలేదు. దీపావళి రాత్రి నుంచీ అదే పిలుపు వింటున్నాడు, కొన్నాళ్లకి వాడే మమ్మల్ని "ఒరేయ్" అనడం మొదలుపెట్టాడు. నాన్న తన రిటైర్మెంట్‌నంతా పెట్టుబడి పెట్టి ఘంటసాల పాట నేర్పాలని చూస్తున్నారు. వాడు నేర్చుకున్నది కుక్కర్ కూత. మూడు కూతలకి స్టవ్ ఆపేసే మా ఇంట్లో పప్పు ఎన్నిసార్లు ఉడక్కుండా దిగిందో లెక్కలేదు.

నా వేలు మీదకి ఇప్పుడు రెండు కాళ్లతోనూ ఎక్కుతాడు. ఎక్కేముందు మాత్రం ముక్కుతో వేలిని ఒకసారి నొక్కి చూస్తాడు, కొమ్మ ఆగుతుందా అన్నట్టు. ఆగుతాను. అమ్మ భుజం దగ్గర ఈ తనిఖీలేమీ లేవు.

ఇవాళ పొద్దున్న కాటా మీద తొంభై రెండు గ్రాములు. "ఎంతే?" అంది అమ్మ వంటింట్లోంచి. చెప్పాను. తెలుగు క్యాలెండర్లో పాల లెక్క పక్కన, ఇవాళ్టి గడిలో రాసుకుంది.